ఎక్కించా గానీ ఎక్కలా

జూలూరుపాడు సెంటర్లో ఒక ఫోన్ల దుకాణం. పత్తి రైతు ఒకాయన జేబులోంచి ఫోను తీసి కౌంటర్ మీద పెట్టాడు. "పత్తి యాపు ఎక్కియ్యి నాయనా" అన్నాడు. కుర్రాడు రెండు మూడు చోట్ల వేలు పెట్టి, కాసేపు చూసి, "ఎక్కించా గానీ ఎక్కలా బాబాయ్. ఫోను నిండిపోయింది, ఏమన్నా తీసెయ్యాలి" అన్నాడు.

ఆ జవాబులోని పనితనం నన్ను అక్కడే నిలబెట్టేసింది. "ఎక్కించా" అనడంతో తన వంతు పని అయిందని చెప్పాడు. "ఎక్కలా" అని ఫలితం చెప్పాడు. ఎక్కు, ఎక్కించు: ఒకే క్రియకు రెండు రూపాలు. తప్పు ఎవరిదో, పని ఎక్కడ ఆగిందో ఆ రెండు మాటల్లోనే తేలిపోయింది. "ఇన్‌స్టాల్ చేశా గానీ ఇన్‌స్టాల్ కాలా" అన్నా అర్థం వస్తుంది గానీ, నోటికి ఎంత బరువో పలికి చూడండి.

యాపు అవసరం ఆయనకు సరదాకి వచ్చింది కాదు. 2025-26 సీజను నుంచి ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాపులో నమోదై స్లాటు తీసుకోవాలి. ఆ సీజనులో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుగా ఉండేది. మద్దతు ధరకూ రైతుకూ మధ్య ఇప్పుడు ఒక యాపు ఉంది.

ఈ ఎక్కించడం యాపులతో పుట్టలేదు. బండికి బస్తాలు ఎక్కించాం, ఒంట్లోకి సెలైన్ ఎక్కించాం, పాసుపుస్తకంలో పేరు ఎక్కించుకున్నాం. స్మార్ట్‌ఫోను రాకముందు ఇలాంటి దుకాణాల్లోనే మెమరీ కార్డులో పాటలు ఎక్కించేవారు. పాటల చోట యాపు వచ్చింది, క్రియ మారలేదు. డౌన్‌లోడ్ అంటే పైనుంచి కిందికి దిగడం కదా, మనవాళ్లు ఎక్కించారేమిటని పండితుడు అడగవచ్చు. సరుకు లారీ దిగుతుంది, గోదాము ఎక్కుతుంది. లారీ పక్కన నిలబడ్డవాడికి దిగడం కనిపిస్తుంది, గోదాములో ఉన్నవాడికి ఎక్కడం. ఫోను మనది కాబట్టి మనం గోదాము వైపు నుంచి చూస్తున్నాం.

కంప్యూటరు తెలుగు కోసం తొలినాళ్లలో స్వచ్ఛందంగా శ్రమించినవాళ్లు ఇన్‌స్టాల్‌కు 'స్థాపించు', డౌన్‌లోడ్‌కు 'దింపుకోలు', యాప్‌కు 'అనువర్తనం' అన్నారు. దింపుకోలు నాకు చాలా ఇష్టం. కొనుగోలు, వీడ్కోలు చదివిన కంటికి అది ఇంటి మాటలాగే ఉంటుంది. స్థాపించడంతోనే పేచీ. స్థాపించేది పార్టీని, సంఘాన్ని, ఫ్యాక్టరీని. ఎల్లుండి పీకేసే ఆటల యాపుకు అంత లాంఛనమా? 2014లో ఆండ్రాయిడ్ 5.0తో ఆండ్రాయిడ్ మెనూల్లోకి తెలుగు వచ్చింది. ఇప్పుడు ప్లే స్టోర్‌ను తెలుగులో పెట్టుకుంటే బటన్ మీద 'ఇన్‌స్టాల్ చేయి' తరహా మాట ఉంటుంది. తప్పు లేదు, ప్రాణమూ లేదు.

జనం మాటల్లో ప్రాణం చూడాలంటే మిగతావీ వినాలి. యాప్ అని హల్లుతో ఆపరు, "యాపు" అని అచ్చుతో ముగిస్తారు. బహువచనం "యాపులు" దానంతటదే కుదురుతుంది. అప్‌డేట్ వస్తే "యాపు అప్‌డేట్ అడుగుతంది" అంటారు, ఆకలేసిన పిల్లవాడి గురించి చెప్పినట్టు. తెర మీద చక్రం ఆగకపోతే "తిరుగుతనే ఉంది" అంటే చాలు, ఏది తిరుగుతోందో అడిగేవాడు లేడు.

ఒక్కచోట మాత్రం ఈ పనితనం తడబడింది. "తీసెయ్" అన్న మాట రెండు పనులకు వాడేస్తున్నాం. తెర మీది బొమ్మను తీసేసినా తీసెయ్యడమే, యాపును ఫోనులోంచి పూర్తిగా పంపించేసినా తీసెయ్యడమే. ఆ రైతు ఇంట్లో ఎవరో అంతకుముందే నాలుగు ఆటలు "తీసేశారు". బొమ్మలు పోయాయి, ఆటలు లోపలే కూర్చున్నాయి. అందుకే పత్తి యాపుకు చోటు లేకపోయింది. కుర్రాడు వాటిని వెతికి పట్టి, "ఇప్పుడు దించేశా" అన్నాడు. ఎక్కినదాన్ని దించడం! లోటును పూడ్చే మాట కూడా ఆ దుకాణంలోనే దొరికింది.

రైతుల కోసం యాపులు తయారుచేసేవారికి ఒక మనవి. ఈసారి తెలుగు బటన్ల మీద 'ఎక్కించు', 'దించు' అని రాసి, జూలూరుపాడు లాంటి సెంటర్లో ఒక పూట కూర్చుని చూడండి.