కాలి కింది చెక్క, చేతిలోని పలక

తోలుబొమ్మలాటను తెర ముందు కూర్చుని చూసినవాళ్ళకు బొమ్మలు గుర్తుంటాయి. తెర వెనక్కి తొంగిచూసినవాళ్ళకు కాళ్ళు గుర్తుంటాయి. రావణుడికీ జటాయువుకీ యుద్ధం నడుస్తుంటే ఆడించేవాడి రెండు చేతులూ కట్టెలకే చాలవు. నోరు పద్యానికి సరిపోతుంది. ఇక మిగిలింది కాళ్ళే. వాటి కింద వదులుగా పరిచిన చెక్కలుంటాయి. బొమ్మ దెబ్బ వేసిన క్షణానే మడమ చెక్క మీద పడుతుంది. చీలమండకున్న గజ్జెలు ఘల్లుమంటాయి. తెరకు అవతలున్న పిల్లవాడికి ఆ మోత రావణుడి కత్తిదే.

అనంతపురం వైపు ఈ ఆటకు పేరుమోసిన ఊరు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దాటేంత పలచగా చేసి, రంగులద్ది, నగల చోట సన్నటి చిల్లులు పొడుస్తారు. బొమ్మకు నడుమ వెన్నులా ఒక కట్టె, చేతులాడించడానికి వేరే కట్టెలు. పనిలేని బొమ్మను ముల్లుతో తెరకు గుచ్చి నిలబెడతారు. పక్కనే హార్మోనియం, మృదంగం, తాళాలు. వెలుగు ఒకప్పుడు ఆముదపు దీపానిది, తర్వాత పెట్రోమాక్సుది, ఇప్పుడు కరెంటు బల్బుది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే నేల మాది. వేరుశనగ వాడిపోతున్న రోజుల్లో విరాటపర్వం చదివించినా, ఆడించినా వానొస్తుందని మా పెద్దల నమ్మకం.

ఈ చెక్కల సంగతి నాకెందుకంటే, నా పనీ అలాంటిదే. ఊళ్ళలో పౌరాణిక నాటకాలకు కంప్యూటరుతో శంఖం, ఉరుము, గుర్రపు డెక్కల చప్పుడు, వెనక నిలిచే శ్రుతి అందిస్తుంటాను. తెలుగు నాటకానికి పాట మప్పిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) పుట్టిన గడ్డ ఇది. రాగం తీయని నటుణ్ణి ఇక్కడ నటుడనరు. ఇబ్బంది ఏమిటంటే, కంప్యూటరు మైకుసెట్టు దగ్గర, స్టేజీకి ఓ మూలన ఉంటుంది. నేనేమో హార్మోనియం పక్కన, నటుడి మొహం కనిపించేచోట ఉండాలి. కృష్ణుడు శంఖం ఎత్తేది ఎప్పుడో అతని భుజం చూస్తేనే తెలుస్తుంది. అందుకే కంప్యూటరును అక్కడే వదిలి, ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుంటాను. మా మృదంగం ఆయన దాన్ని 'పలక' అంటాడు. మా సీమలో పలకంటే బడిపిల్లల పలకే కాదు, వాయించే పలక కూడా. ఆ పేరే ఖాయమైపోయింది.

పలక నుంచి కంప్యూటరుకు పోయేది శబ్దం కాదని మొదట తెలుసుకోవాలి. పోయేది ఆజ్ఞ మాత్రమే. ఏ స్వరం, ఎంత గట్టిగా, మొదలా ఆపా, ఇంతే. బొమ్మ కట్టెలో రంగూ ఉండదు, రూపమూ ఉండదు. చెయ్యి అనుకున్నదాన్ని తోలుకు మోసుకెళ్తుంది, అంతే దాని పని. ఇదీ అంతే. ఈ ఆజ్ఞల భాషను వాద్యాల కంపెనీలు 1983లో ఒప్పుకుని మిడి అని పేరు పెట్టాయి. అందులో గట్టిదనానికి 0 నుంచి 127 దాకా మెట్లు. 1997లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో, నెట్‌వర్క్ మీద నడిచేలా ఓఎస్‌సీ అనే మరో భాష తయారైంది. 2010లో ఐప్యాడ్ వచ్చాక ఈ రెండూ గాజుపలక మీదికి ఎక్కాయి. టచ్‌ఓఎస్‌సీ లాంటి యాప్‌లో మనకు కావలసిన బటన్లను మనమే గీసుకోవచ్చు. రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అయితే టాబ్లెట్ బ్రౌజర్‌లోనే తెరుచుకునే కంట్రోల్ పేజీని తనే ఇస్తుంది.

దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఊళ్ళో సిగ్నల్ లేకపోయినా ఫర్వాలేదు. ఒక చిన్న రౌటరు చాలు. అయితే అది మనదే అయివుండాలి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు. తిరునాళ్ళ రాత్రి వందల ఫోన్లు చుట్టూ ఉంటాయి కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ కన్నా 5 గిగాహెర్ట్జ్ మేలు. అది దూరం తక్కువ పోతుంది కానీ రద్దీ తక్కువ. కరెంటు పోతే టాబ్లెట్, ల్యాప్‌టాప్ బతికే ఉంటాయి, రౌటరు చస్తుంది. దానికి విడిగా బ్యాటరీ తప్పనిసరి.

ఇక అసలు పరీక్ష ఆలస్యానిది. వేలు తగిలినప్పటికీ మోత వినిపించినప్పటికీ మధ్య ఎంత? గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే మూడున్నర మీటర్ల అవతల కూర్చున్నవాడి తాళం మన చెవికి చేరేసరికి సెకనులో నూరోవంతు, పది మిల్లీసెకన్లు, ఎలాగూ పడుతుంది. మేళగాళ్ళు తరతరాలుగా ఆ తేడాతోనే కలిసి వాయిస్తున్నారు. కాబట్టి పలక ఆలస్యం ఆ మాత్రంలో ఉంటే చెవి పట్టించుకోదు. కంప్యూటరు శబ్దాన్ని కొద్దికొద్దిగా పోగుచేసి బయటికి వదులుతుంది. 48,000 హెర్ట్జ్ దగ్గర ఆ పోగు 256 శాంపిళ్ళు పెట్టుకుంటే ఐదు మిల్లీసెకన్లు, 1024 పెట్టుకుంటే ఇరవై ఒకటి. తక్కువ పెట్టుకోవాలి, పాత ల్యాప్‌టాప్ చిటపటలాడనంత వరకే. బ్లూటూత్ స్పీకరు జోలికి మాత్రం పోవద్దు. అది సెకనులో పదోవంతో, అంతకన్నా ఎక్కువో వెనకబడుతుంది. అప్పటికి గద దెబ్బ పడి, దుశ్శాసనుడు లేచి నిలబడతాడు. ఇంకో మాట. ఎప్పుడూ ఒకేలా ఉండే ఆలస్యానికి చెయ్యి అలవాటు పడుతుంది. ఒకసారి ఐదు, ఒకసారి యాభై అయితే ఎంత చేయి తిరిగినవాడైనా తడబడతాడు. సొంత రౌటరు అనేది అందుకే.

మొదట్లో నేను తెర మీద ముప్పై బటన్లు పెట్టాను. గాజు నున్నగా ఉంటుంది, చీకట్లో వేలికి గట్టూ గుంటా తెలియదు. కిందికి చూస్తే నటుడు తప్పిపోతాడు, నటుణ్ణి చూస్తే బటన్ తప్పిపోతుంది. బొమ్మలాడించేవాడు చెక్కకేసి ఎన్నడైనా చూశాడా? కాలికి తెలుసు అదెక్కడుందో. అప్పుడు ముప్పైని ఆరు చేశాను. నాలుగు మూలలకు నాలుగు, శంఖం, ఉరుము, గద, ఆపు. బొటనవేలు అంచు పట్టుకుంటే చాలు, మూల అదే దొరుకుతుంది. నడుమ రెండు పెద్ద బటన్లు శ్రుతికి. పద్యనాటకంలో ఎవరి శ్రుతి వారిది. ఒకాయన నాలుగు, ఇంకొకాయన ఐదున్నర. ఒక పాత్ర వెళ్ళి మరో పాత్ర వచ్చేలోపు శ్రుతి మారాలి. అదీ టక్కున తెగిపోకుండా, ఒకటి దిగుతుంటే ఇంకొకటి లేవాలి. ఆ ఎక్కుదిగుళ్ళను కంప్యూటరుకే అప్పజెప్పి, 'ఇప్పుడు' అనే మాట ఒక్కటి నా దగ్గర ఉంచుకున్నాను.

అంతా కుదిరిందనుకున్న ఏడాది ఒక తిరునాళ్ళలో నా పరువు పోయింది. రాయబారం సీను. పద్యం పొడుగ్గా సాగుతోంది, నేను ముగ్ధుడినై వింటున్నాను. కృష్ణుడు చెయ్యెత్తాడు, నేను వేలు పెట్టాను, పలక నల్లగా ఉంది. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే ఆరిపోయే సెట్టింగు మార్చడం మరిచాను. మృదంగం ఆయన ఒక్క క్షణం చూసి, వరసగా మూడు దెబ్బలతో ఆ ఖాళీని నింపేశాడు. జనానికేమీ తెలియలేదు. పద్యం అయ్యాక నా వైపు వంగి, "ఏమన్నా, నీ పలక నిద్రపోయెనే!" అన్నాడు.

ఆ రాత్రి నుంచి మొదలుపెట్టేముందు నాలుగు పనులు చేస్తాను. తెర ఆరకుండా చూడటం, ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫై ఒక్కటే తెరవడం, వెలుతురు తగ్గించడం, ఛార్జింగు చూసుకోవడం. ఐదోది కూడా ఒకటుంది. కుడికాలి కింద ఒక తుమ్మచెక్క వేసుకుంటాను, చీలమండకు నాలుగు గజ్జెలు. దానికి పాస్‌వర్డ్ లేదు, ఆలస్యం లేదు. గద దెబ్బ వచ్చినప్పుడల్లా వేలు మూలకు పోయేలోపే మడమ కదులుతోంది. ఈమధ్య గద బటన్ తీసేశాను. ఆ మూల ఖాళీగానే ఉంది.