నిప్పు ఎప్పుడు పడాలి?

టర్బో కార్లున్న కుర్రాళ్లు నలుగురు చేరితే మొదటి మాట "ఎంత బూస్ట్ కొడుతోంది?" అనే. ఒకటిన్నర బార్ అన్నవాడు గెలిచినట్టు, ఒక బార్ అన్నవాడు ఓడినట్టు. స్పార్క్ ఎన్ని డిగ్రీల దగ్గర పడుతోందని అడిగేవాడు ఏ వెయ్యిమందిలోనో ఒకడుంటాడు. నాకు అతనితోనే కాలక్షేపం.

టర్బో పని సూటిగానే ఉంటుంది. పొగగొట్టంలోకి వృథాగా పోయే వేడిగాలితో ఒక చక్రాన్ని తిప్పి, దాని జోడు చక్రంతో బయటి గాలిని ఇంజన్లోకి దట్టిస్తుంది. ఒక బార్ బూస్ట్ అంటే గాలి ఒత్తిడి మామూలుకు రెట్టింపు. గాలి పెరిగితే పెట్రోలూ ఎక్కువ పోయొచ్చు, బలమూ పెరుగుతుంది. చిక్కల్లా వేడితోనే. 42 డిగ్రీల హైదరాబాద్ ఎండలో గాలిని అలా నొక్కితే, కంప్రెసర్ ఏ లోపమూ లేకుండా పనిచేసినా 110 డిగ్రీలు దాటుతుంది. ఇంటర్‌కూలర్ చల్లారుస్తుంది నిజమే, కానీ దానికి దొరికేదీ ఆ వడగాలే.

ఇక టైమింగ్. మంట సిలిండర్ అంతా పాకడానికి వ్యవధి కావాలి కనుక పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడాలి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక్క మిల్లీసెకండులో క్రాంక్ 36 డిగ్రీలు తిరిగేస్తుంది. పిస్టన్ కిందికి మళ్లిన పదిహేను డిగ్రీల ప్రాంతంలో ఒత్తిడి తారస్థాయికి వస్తే పికప్ బాగుంటుంది. నిప్పు మరీ ముందు పడితే పైకొస్తున్న పిస్టన్‌కు మంట ఎదురు తగులుతుంది. మూలన ఇంకా కాలని మిశ్రమం తనంతట తానే భగ్గుమని నాకింగ్ మొదలవుతుంది. ఆలస్యంగా పడితే బలం సైలెన్సర్ దారి పడుతుంది, టర్బో కాగిపోతుంది. బూస్ట్ పెంచిన కొద్దీ నాకింగ్ భయం పెరిగి, టైమింగ్‌ను వెనక్కి జరపక తప్పదు.

ఈ తగువు పాతదే. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో నాకింగ్ ఆపడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజన్లోకి చిమ్మేవారు. కొన్నవాళ్లు ఆ ద్రవం నింపడమే మరిచిపోయేవారు. 1980ల ఆరంభంలో స్వీడన్‌ శాబ్ కంపెనీ ఇంజన్‌ బ్లాకుకు చప్పుడు పసిగట్టే సెన్సర్ బిగించి, నాకింగ్ రాగానే బూస్ట్ తగ్గేలా చేసింది. మన అంబాసిడర్ మేస్త్రీలు డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో తిప్పుతూ, రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడినట్టుండే ఆ చప్పుడును చెవితోనే పట్టేవారు. ఇవాళ ఆ పని ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ది, అంటే ఈసీయూది. నాకింగ్ తగిలిందో, టైమింగ్‌లో కొన్ని డిగ్రీలు కోసి వెనక్కి జరిపేస్తుంది.

ట్యూనర్ ల్యాప్‌టాప్ పక్కన కూర్చుంటే ఇదంతా కళ్లకు కడుతుంది. కారును పవర్ కొలిచే డైనో రోలర్ల మీదికెక్కించి, బూస్ట్ 0.2 బార్ పెంచి తొక్కుతారు. బూస్ట్ గీత లేస్తుంది, పవర్ గీత ఉన్నచోటే ఉంటుంది. లాగ్ తెరిస్తే మూడో సిలిండర్‌లో ఐదు డిగ్రీల కోత! అదనపు గాలి తెచ్చిందంతా ఆ డిగ్రీలే మింగేశాయన్నమాట. నేనెరిగిన ట్యూనర్ అప్పుడు బూస్ట్ కాస్త దించుతాడు, టైమింగ్‌ను అర డిగ్రీ చొప్పున ముందుకు జరుపుతాడు. పవర్ పెరగడం ఆగినచోట ఆగి, అక్కణ్నుంచి కొంచెం వెనక్కొచ్చి సేవ్ చేస్తాడు.

"ఇంకొంచెం పిండొచ్చు కదన్నా?" అని గునుస్తాడు కారు ఓనరు.

"ఇవాళ చల్లగా ఉంది తమ్ముడూ. మే నెలలో ఏసీ వేసుకుని, నలుగుర్నెక్కించుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేది నువ్వు. ఆ రోజు ఏ బంకులో ఏ పెట్రోలు కొట్టిస్తావో నాకేం తెలుసు?"

ఈ జవాబు చెప్పగలవాడే నా లెక్కలో పనిమంతుడు. ఈసీయూ లెక్కలు ఇలా మార్పించే రీమ్యాప్ చేయిస్తే ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుందని ఎవరైనా చెబుతారు. ఏ ఆక్టేన్ పెట్రోలుతో, ఎంత ఎండలో, ఎన్ని డిగ్రీల కోతతో అని అడగండి. విసుక్కోకుండా లాగ్ తెరిచి చూపించినవాడికి తాళాలివ్వండి.