తగిలితే ఏం చేస్తావు సామీ?

లాటరీ తగిలితే ఏం చేయాలో ఆలోచించుకోవడం నాకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. నిద్ర పట్టని రాత్రుల్లో, రైల్లో పై బెర్తు మీద, బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడు నేను చేసే పని ఇదే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఎత్తిపొడిచేవాళ్ళతో నాకు పేచీ ఉంది. శ్రద్ధగా కంటే ఈ కల మనిషికి తన వాళ్ళెవరో, తాను ఎవరికి రుణపడ్డాడో ఒక్కొక్కటే గుర్తు చేస్తుంది. అయితే శ్రద్ధగా కనాలి. కాస్త లెక్క రావాలి.

కేరళ ప్రభుత్వం 1967లో లాటరీ శాఖ పెట్టింది. 1968 జనవరి 26న తొలి డ్రా తీసినప్పుడు టికెట్ ఒక రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. ఇప్పుడు ఓనం బంపర్ 25 కోట్లకు, క్రిస్మస్-నూతన సంవత్సర బంపర్ 20 కోట్లకు చేరాయి. మనవాళ్ళకు బాగా తెలిసింది రెండోది. మన రెండు రాష్ట్రాల్లో లాటరీలు నిషేధం కానీ, ఆ టికెట్లు అమ్మే రోజుల్లోనే ఇక్కడి నుంచి లక్షలమంది అయ్యప్ప మాలతో శబరిమల వెళ్తారు. చెంగన్నూర్‌లోనో కొట్టాయంలోనో దిగగానే, చెక్క బోర్డుకు వరసగా క్లిప్పులు పెట్టి టికెట్లు తగిలించుకున్నవాళ్ళు ఎదురవుతారు.

20 కోట్లు అనగానే మొత్తం 20 కోట్లూ ఖర్చు పెట్టేసేవాళ్ళే ఎక్కువ. అక్కడే కల పలచబడిపోతుంది. ముందు ఏజెంటు కమీషన్ 10 శాతం, అంటే 2 కోట్లు తీసేయాలి. మిగిలిన 18 కోట్ల మీద 30 శాతం పన్ను, 5 కోట్ల 40 లక్షలు. ఆపైన సర్‌చార్జీ, సెస్సు. చేతికొచ్చేది 10, 11 కోట్ల మధ్య. ఇలా కోతలన్నీ కోసి చూసుకున్నాకే ఆ డబ్బుకు బరువు వస్తుంది. ఎవరికి ఎంత అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది.

శబరిమల నుంచి తిరిగొచ్చే రైల్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. దర్శనమైపోయి, సంచుల్లో అరవణ డబ్బాలు సర్దుకుని, అందరూ కాళ్ళు చాపుకున్నాక ఎవరో ఒకరు అంటారు: ‘తగిలితే ఏం చేస్తావు సామీ?’ ఇల్లు, కారు, పిల్లల చదువు, ఊళ్ళో గుడికి ప్రహరీ. ఇవన్నీ పావుగంటలో అయిపోతాయి. ఒకసారి మా కంపార్ట్‌మెంట్‌లో ఒక తాపీ మేస్త్రి ఉన్నాడు. అతను కోరింది ఒకే ఒక్క ఎకరం. అక్క పెళ్ళికి వాళ్ళ నాన్న అమ్మేసిన ఎకరం. పక్కనే అంతకన్నా మంచి నేల, రోడ్డు బిట్టు, తక్కువకే వస్తుందని ఇంకో సామి చెప్పాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. ఆ ఎకరానికి తూర్పు గట్టు మీద వేపచెట్టు ఉందట, దాని కింద రాయి మీద వాళ్ళమ్మ సద్ది మూట పెట్టేదట. ‘వాడు అమ్మనంటేనో?’ అని ఎవరో అడిగారు. మేస్త్రి చాలాసేపు ఆలోచించి, ‘రెట్టింపు ఇస్తా, అప్పటికీ ఇవ్వకపోతే కౌలుకన్నా అడుగుతా’ అన్నాడు. కోటీశ్వరుడయ్యాక కూడా కౌలుకు అడగడానికి సిద్ధపడిన మనిషి! ఆ మాటతో అతని మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

గల్ఫ్‌లో మనవాళ్ళు కనే కల తీరు వేరు. అబుదాబి బిగ్ టికెట్ ధర 500 దిర్హాములు. ఒక్కడికి భారం కనుక గదిలో ఉన్నవాళ్ళంతా చందా వేసుకుని కొంటారు. కలిసి కన్న కలలో ముందు తేలాల్సింది వాటా. మిగతాదంతా ఇంటికి వెళ్ళిపోవడం గురించే.

కలలో మనం ఎప్పుడూ వదిలేసేది గుమ్మం ముందు నిలబడే జనాన్ని. 2022లో 25 కోట్ల ఓనం బంపర్ గెలిచిన తిరువనంతపురం ఆటో డ్రైవర్, సాయం కోసం వచ్చేవాళ్ళ తాకిడికి ఇంట్లో ఉండలేకపోతున్నానని కొద్ది రోజులకే వాపోయాడు. మరుసటి ఏడు కేరళ ప్రభుత్వం విజేతలకు డబ్బు నిర్వహణ మీద ఒకరోజు శిక్షణ మొదలుపెట్టింది. మంచి పని చేసింది. ఆ వార్త చదివినప్పటినుంచి నా కలలో కూడా గుమ్మం తెరిచే పెడుతున్నాను. ఎవరికి లేదనగలను? పెదనాన్న కొడుక్కి అనగలను. డయాలసిస్‌కని వచ్చినవాళ్ళకు అనలేను. ఇదంతా అనుకుంటూ ఉండగానే ఓ కోటి కరిగిపోతుంది.

టికెట్ల మోజు మాత్రం వేరే సంగతి. ఒంటి అంకె లాటరీలు మన ఊళ్ళలో ఎన్ని కూలి డబ్బులు మింగాయో చూసిన తరం మాది. 1998 కేంద్ర చట్టం వాటిని నిషేధించడం, మన రాష్ట్రాలు తమ గడ్డ మీద అమ్మకాలే ఆపేయడం సరైన పనులని నమ్ముతాను. రెండో టికెట్ కొన్నంత మాత్రాన కల పెరగదు. అసలు నా కలకు టికెట్టే అక్కర్లేదు.

ప్రస్తుతం నా జాబితాలో అందరికన్నా పైన ఉన్నది అశోక్‌నగర్‌లో మెస్ నడిపిన ఒక అక్క. గ్రూప్స్ కోచింగ్ రోజుల్లో చేతిలో డబ్బుల్లేకపోతే, ‘ఉద్యోగం వచ్చినాక ఇద్దువులే తమ్మీ’ అని రెండో విడత అన్నం పెట్టేది. మాలో చాలామందికి అలాగే పెట్టింది. అద్దె పెంచినప్పుడల్లా గిన్నెలు, గ్రైండర్ ఆటోలో వేసుకుని ఇంకో గల్లీకి మారేది. ఆమెకు ఒక గ్రౌండ్ ఫ్లోర్ కొనాలి. వెనక గిన్నెలు తోమడానికి గచ్చు, రెండు నల్లాలు, ముందు పిల్లలు చెప్పులు విడవడానికి జాగా ఉండాలి. ఇదంతా ఖరారైంది. రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతున్నాను. ఆమె పేరు మీదే చేయించాలని నా పట్టు. ‘నాకెందుకు తమ్మీ, పిల్ల పేరు మీద రాయించు’ అంటుందని నాకు తెలుసు.