వెనుదిరిగి చూచినవాడు

‘ఓ స్త్రీ రేపు రా’ యని తలుపుపై వ్రాసికొన్న యిండ్లు మన ఆంధ్రదేశమున నొకకాలమందు వాడవాడలా నుండెడివి. ఆ వ్రాత కన్నడసీమనుండి మనకు వచ్చెనో, మననుండి యటు పోయెనో పెద్దలు తలకొక తీరుగా చెప్పుదురు. ఆ తగవు మనకేల? ఆ వ్రాతనే హిందీలో చందేరీ పట్టణపు గోడలకెక్కించి, 2018 ఆగస్టు 31న విడుదలయిన ‘స్త్రీ’ చిత్రమునకు కథ కూర్చినవారు మనవారే: తిరుపతి, చిత్తూరు ప్రాంతముల బిడ్డలైన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె.లు. ఛత్తీస్‌గఢ్ లోని భిలాయి ఉక్కుపట్టణమున, సెక్టార్ 5 బాలాజీ మందిరపు నీడలో పెరిగిన తెలుగు కుఱ్ఱలు తెరపై ఆ నాగరాక్షరములను చూచినంతనే ఉత్తరాంధ్రమందలి తాతగారింటి తలుపును తలచుకొని నవ్వుట నేనెరుగుదును. ఆ నవ్వు పెదవులమీద నుండగనే అదే గోడ, అదే సందు, అదే చీకటి వారిని గడగడలాడించుటయు నెరుగుదును. ఒకే దృశ్యమును నవ్వునకును వణకునకును ఉమ్మడి యిల్లుగా కట్టగల నేర్పు, ఛాయాగ్రాహకునిది గాక మరెవరిది?

భయానకమును తీయువాడు మనుష్యుని ఫ్రేములో నొక మూలకు నెట్టి, వాని వీపు వెనుక చీకటిని విశాలముగా విడిచిపెట్టును. అంతట మన కన్ను పాత్రను విడిచి ఆ ఖాళీచోటికి కావలి కూర్చుండును. చిత్రమేమనగా, హాస్యమును తీయువానికిని ఆ ఖాళీయే కావలెను, ఏలయన ఆపద వెనుక నిలిచియుండగా ముందునిలిచి గొప్పలు చెప్పుకొనువాని యెరుగనితనమును మించిన నవ్వు లోకమున లేదు. కెమెరా ముఖమునకు చేరువై పట్టిన భయము మనదగును. దూరమున నిలిచి, కాళ్లు చేతులతో సహా నిండుగా పట్టిన భయము వానిదగును. మొదటిదానికి వణకుదుము, రెండవదానికి నవ్వుదుము. ఎప్పుడు చేరువ కావలెను, ఎప్పుడు తొలగవలెను, షాటును ఎంతసేపు త్రుంపక నిలుపవలెను అనునంతలోనే ఉన్నది సర్వమును.

‘స్త్రీ’ యందు దర్శకుడు అమర్ కౌశిక్, ఛాయాగ్రాహకుడు అమలేందు చౌధరి ఈ మర్మమును కథావస్తువుతోనే ముడివేసిరి. నాయకుడైన విక్కీ బట్టలు కుట్టువాడు. టేపు ముట్టకయే చూపుమాత్రమున ఆడువారి కొలతలు పట్టగల ఘనుడు. ఆ చూపును కెమెరా మొదట వేడుకగానే చూపించును, మనమును మురిసి నవ్వుదుము. పిదప రాత్రివేళ సందులలో ‘స్త్రీ’ యను దయ్యము పిలుచును. పిలుపు విని వెనుదిరిగినవాడు మాయమై వాని బట్టలు మాత్రము మిగులును. చూచువాడు చూడబడువాడయ్యెను! పగలెల్ల వీథులనేలిన మగవారు తలుపులు బిగించుకొని కిటికీ సందులనుండి తొంగిచూచుచుండగా, ఆడువారు నిర్భయముగా పూజకు పోవుచుందురు. ఈ తారుమారును ఉపన్యాసములతో చెప్పిన నిద్రవచ్చును. ఎవరిని ఎవరి కంటితో చూపించుచున్నారో మార్చి చెప్పుటచే అది నవ్వై, ఆ నవ్వడుగున సిగ్గై కూర్చుండును. కొలతలెత్తిన ఆ కన్నులే తుదకు స్త్రీని ప్రేమతో చూడవలసివచ్చును. చంపుటకు బోయినవాడు జడను మాత్రము కోసి విడుచును. పట్టణద్వారమున ఆమెకు విగ్రహమెత్తి, ‘రేపు రా’ యన్నవారే ‘రక్షింపుము’ అని వ్రాసికొందురు.

ఛత్తీస్‌గఢ్ ప్రేక్షకునకు ఇది వట్టి వినోదము గాదు. నిస్సహాయలగు స్త్రీలను ‘టోనహీ’ యని, అనగా చేతబడి చేయుదానవని, వేధించుటను మాన్పుటకు ఈ రాష్ట్రము 2005లో ప్రత్యేకముగా చట్టమే చేయవలసివచ్చెను. దయ్యమని ముద్రవేసినవారి ముఖమున కన్నీటిని చూపించు క్లోజప్ ఆ చట్టమునకు తోబుట్టువు వంటిది.

అయినను నా మొదటి నమస్కారము ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీకే. ఇందు పక్షపాతమున్నదందురా, ఉన్నది. ‘పాతాళభైరవి’ (1951) యందు నేపాళమాంత్రికుడైన రంగారావుగారి కన్నులపై వెలుగునిలిపి పిల్లలను తల్లుల కొంగులలోనికి తరిమినవాడాయన. 1957లో కె.వి. రెడ్డిగారి ‘మాయాబజార్’ పెండ్లిపీటలపై ఆయన చేసినదేమి? మాయాశశిరేఖ, అనగా శశిరేఖ రూపుదాల్చిన ఘటోత్కచుడు, తక్కిన సభకెల్ల లజ్జావతియగు వధువు. లక్ష్మణకుమారుడైన రేలంగికి మాత్రమే భయంకరరూపము. కెమెరా ఒకమారు సభవారి కంటితోను, ఒకమారు వరుని కంటితోను చూచును. ఆ రెండు చూపుల నడుమనే మన నవ్వు పుట్టును. సావిత్రిగారి నడకలో ఘటోత్కచుడున్నాడని మనకు తెలియుటకు ఆపాదమస్తకము పట్టిన షాటే కావలెను. ముఖమొక్కటే పట్టినయెడల ఆ మహానటి అడుగులలోని పొగరు ఎట్లు కనబడును? నేడు హాస్యభయానకమను పేరు పెట్టుకొని తిరుగువారందరును ఆ పీటలయొద్దనే అక్షరాభ్యాసము చేయవలసినవారు.

ఈ వంశమున పుట్టిన మంచి బిడ్డలు లేకపోలేదు. 2017లో వచ్చిన మహి వి. రాఘవ్ గారి ‘ఆనందో బ్రహ్మ’ యందు మనుష్యులే దయ్యములను బెదరగొట్టుదురు. అక్కడ కెమెరా దయ్యముల పక్షము వహించి, వచ్చినవారిని వింతజంతువులవలె చూచును. కాని 2013 నాటి ‘ప్రేమకథాచిత్రమ్’ విజయము చూచి బయలుదేరిన మందయో! పాడుబంగళా యొకటి, నలుగురు హాస్యగాండ్రు, తలుపు చాటునుండి లెన్సు మీదికి దూకు తెల్లపూత ముఖము, చెవులు పగులగొట్టు చప్పుడు. చప్పుడునకు ఉలికిపడుట భయమగునా? వీథిలో టపాకాయ ప్రేలినను ఉలికిపడుదుము. చీకటిని నమ్మలేనివాడు, మౌనమును మోయలేనివాడు, క్షణమునకొక షాటు త్రుంచి అదియే వేగమనుకొనును. పాత్ర యేదో, వాని మనసేదో చూచుటకు మనకు వ్యవధి యెక్కడిది? 2024లో వచ్చిన ‘స్త్రీ 2’ కోట్లు గడించెనుగదా యందురు. గడించుగాక, తలలేని దయ్యమును కంప్యూటరుతో గీసి మీదికి విసరుచుండగా, మొదటి చిత్రపు సందులలో నా వెన్ను తడిమిన ఆ ఖాళీ ఏమయ్యెనని నేనడుగుచున్నాను. అన్నిటికన్న నన్ను మండించునది, 2010లో ‘మాయాబజార్’కు రంగులు పూసి విడుదల చేయుట. బార్‌ట్లీ తెలుపు నలుపుల నడుమ నూరు బూడిదవన్నెలను పండించి వెన్నెలను తీసెను. ఆ వెన్నెలపై రంగు రుద్దినవారిని పొగడినవారిని నేను మన్నింపజాలను.

ఇట్టి చిత్రములు తీయుటకు పరికరములు లేవందురు కొందరు. భిలాయికి పొరుగున గనియారిలో పుట్టి, ఇచ్చటి ఉక్కు కర్మాగారమున కొలువుచేసి, 2019లో పద్మవిభూషణురాలైన తీజన్ బాయి చేతిలో ఏమున్నది? ఒక్క తంబూరా! భారతకథలను పండవానీగా పాడునపుడు అదియే భీముని గద, అదియే అర్జునుని విల్లు. ఆమె ఊరి గాలి పీల్చుచు, ఫోనుతో లఘుచిత్రములు తీయుచున్న మన సెక్టార్ల పిల్లలకు పరికరలోపమని చెప్పుకొను హక్కు లేదు. వారిని సెక్టార్ 1 లోని నెహ్రూ సాంస్కృతిక సదనమున నొక ఆదివారము కూర్చుండబెట్టి, ఉదయము రంగు పూయని ‘మాయాబజార్’, మధ్యాహ్నము 2018 నాటి ‘స్త్రీ’, రెంటిని వరుసగా చూపుదురుగాక. పెండ్లిపీటల ఘట్టమును శబ్దము తీసివేసి మరల నొకమారు చూపుదురుగాక. తెలుగు సంఘములవారు ఉగాదికి పెట్టు ఖర్చులో పదవవంతు దీనికి చాలును.