స్విచ్చి దగ్గర దెయ్యం

రాత్రి పడుకునే ముందు ఒకావిడ నడవాలో లైటు ఆపింది. చీకట్లో అవతలి కొసన ఎవరో నిలబడినట్టు నీడ. ఉలిక్కిపడి లైటు వేసింది. ఎవరూ లేరు. ఆపింది. ఉంది. వేసింది. లేదు. ఇంకోసారి ఆపేసరికి ఆ నీడ ఎదుటికే వచ్చేసింది. లైటు ఆరకుండా స్విచ్చి మీద టేపు అంటించి, గదిలోకి పోయి దుప్పటి ముసుగేసుకుంది. బయట అడుగుల చప్పుడు. నడవాలో లైటు ఆరిపోయింది. మంచం పక్కన దీపం మిణుకుమిణుకుమంటోంది. ముసుగులోంచే చెయ్యి చాచి ప్లగ్గు సరిగ్గా దోపింది. వెలుగు నిలిచింది. హమ్మయ్య అనుకుని మెల్లగా ముసుగు తీసింది.

తర్వాత ఏమైందో కాసేపాగి చెబుతాను. ఈ చిత్రం పేరు ‘లైట్స్ అవుట్’. స్వీడన్‌కు చెందిన డేవిడ్ ఎఫ్. శాండ్‌బర్గ్ 2013లో తీశాడు. నిడివి మూడు నిమిషాలు కూడా లేదు. నటించింది ఆయన భార్య లొట్టా లోస్టెన్. సెట్టు లేదు, పటాలం లేదు, మాటలూ లేవు. బ్రిటన్‌లో భయానక లఘుచిత్రాలు తీసే ‘బ్లడీ కట్స్’ బృందం పెట్టిన పోటీ కోసం తీసిన ఈ ముక్క ఆన్‌లైన్లో ఊళ్ళు తిరిగి హాలీవుడ్ గుమ్మం ఎక్కింది. 2016లో శాండ్‌బర్గ్ దర్శకత్వంలోనే, భయానక చిత్రాల దర్శకుడు జేమ్స్ వాన్ నిర్మాతల్లో ఒకడిగా, అదే పేరుతో పూర్తి నిడివి సినిమా అయింది. సుమారు 49 లక్షల డాలర్లతో తీస్తే 14 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

మొదటిసారి ఇది చూసిన రాత్రి మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్తూ దారిలో ఉన్న లైట్లన్నీ వేసుకుంటూ వెళ్ళాను. పెద్ద సినిమాల్లో శ్మశానాలు, బంగళాలు, మంత్రగాళ్ళు చూసి కూడా ఏనాడూ అలా చెయ్యలేదు. శ్మశానం మన ఇంట్లో ఉండదు, స్విచ్చి ఉంటుంది. చేతిలో డబ్బు లేనివాళ్ళు ఆన్‌లైన్ కోసం తీసే భయం సినిమాల అసలు బలం ఇదే. వాళ్ళకు గది బాగా తెలుసు. బలహీనత కూడా అక్కడే మొదలవుతుంది: ఆ గదిలో ఉండే మనిషి సంగతి చాలామందికి తెలియదు.

లేమి నేర్పిన పనితనం

‘లైట్స్ అవుట్’లాంటి గారడీ చెయ్యడం పెద్ద విద్యేమీ కాదు. కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టాలి. నడవాలో మనిషిని నిలబెట్టి ఒకసారి, నిలబెట్టకుండా ఒకసారి తియ్యాలి. లైటు వెలిగే క్షణం దగ్గర రెండు ముక్కలూ అతకాలి. వెలుగు మారే చోటే అతుకు పడుతుంది కాబట్టి కంటికి ఆనదు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడు టీ తాగేలోపు చెయ్యగల పని.

విద్య అంతా ఆ పని చుట్టూ అల్లిన లెక్కలో ఉంది. చీకటైతే ఉంటుంది, వెలుగైతే ఉండదు. ఒక్క మాటా లేకుండా మొదట్లోనే ఈ నియమం మనకు ఒంటబడుతుంది. ఒంటబట్టింది కాబట్టే ప్లగ్గు దోపి వెలుగు నిలిచినప్పుడు ఆవిడతోపాటు మనమూ ఊపిరి పీల్చుకుంటాం. ముసుగు తీసి చూస్తే, వెలుతుర్లోనే, మంచం పక్కనే అది ఉంది. దీపం ఆర్పేసింది. అంతే, అయిపోయింది. నియమం పెట్టడం, నమ్మించడం, సరిగ్గా మనం దానికి ఆనుకున్నప్పుడు లాగెయ్యడం: మూడు నిమిషాల్లో మూడు అడుగులు. పొడుపుకథ పని కూడా ఇంచుమించు ఇదే.

రెండో విద్య, బొమ్మ పాడుచెయ్యడం. 2015లో క్రిస్ స్ట్రాబ్ అనే అమెరికన్ కళాకారుడు మొదలుపెట్టిన ‘లోకల్ 58’ చూడండి. అది ఒక ఉత్తుత్తి టీవీ స్టేషన్. అందులో ఒక భాగమంతా రాత్రిపూట వచ్చే వాతావరణ హెచ్చరిక. చంద్రుణ్ణి చూడొద్దని తెర మీద అక్షరాలు వస్తాయి. కాసేపటికి చూడమంటూ మరో సందేశం. ఏది స్టేషన్ మాటో, ఏది ఇంకెవరి మాటో తెలియదు. దెయ్యం ఎక్కడా కనబడదు. పాత క్యాసెట్టు గీతలు, అక్షరాలు, మోత. రాత్రి పదకొండింటికి కార్యక్రమాలు ముగిసి తెర గరగరలాడుతుంటే టీవీ ముందు ఒంటరిగా కూర్చున్న అనుభవం ఉన్నవాళ్ళకు దాని పట్టు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ విద్యను కొసదాకా తీసుకుపోయినవాడు కేన్ పార్సన్స్. 2022 జనవరిలో యూట్యూబ్‌లో ‘ది బ్యాక్‌రూమ్స్’ పెట్టినప్పుడు అతనికి పదహారేళ్ళు. పసుపు గోడలు, తివాచీ, జుమ్మని మోగే ట్యూబులైట్లు, ఎంత నడిచినా తెగని గదులు. కెమెరాతో అందులో పడ్డ కుర్రాడు ఒకడు. ఆ గదులు కట్టినవి కావు. ఎవరైనా ఉచితంగా దింపుకోగల బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్ మీద గీసినవి. నేరుగా చూపిస్తే వీడియో గేమ్‌లా ఉండేవి. వాటి మీద పాత హ్యాండీక్యామ్ వణుకు, వెలిసిన రంగు, టేపు మచ్చలు చల్లాడు. బొమ్మ ఎంత పాడైతే కన్ను అంత నమ్మింది. శుభ్రమైన బొమ్మలో తప్పులు వెతుకుతాం, మసకబొమ్మలో లేనివి వెతుక్కుంటాం. పూర్తి నిడివి సినిమాగా దాన్ని తీసే బాధ్యతను ఏ24 అనే సినిమా సంస్థ ఆ కుర్రాడి చేతుల్లోనే పెట్టింది.

ఊరుమ్మడి దెయ్యం

బ్యాక్‌రూమ్స్ పార్సన్స్ సొంత ఊహ కాదు. 2019లో ఎవరో పేరు చెప్పకుండా ఒక ఖాళీ గది ఫొటో కింద రెండు వాక్యాలు రాసి వదిలారు. వందలమంది దానికి తలా ఒక గది కలిపారు. ఆ ఫొటో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ పట్టణంలో ఒకప్పటి ఫర్నిచర్ దుకాణం లోపలిదని 2024లో తేలింది. తేలినా కథకు వచ్చిన నష్టమేమీ లేదు.

ఈ తరహా మనకు కొత్త కాదు. తొంభైల్లో మన ఊళ్ళలో తలుపుల మీద, గోడల మీద సుద్దతోనో బొగ్గుతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు గుర్తున్నాయా? రాత్రిపూట ఆవిడ వచ్చి తలుపు కొడుతుందనీ, ఆ రాత చూసి వెనక్కి పోతుందనీ, మర్నాడొచ్చినా మళ్ళీ అదే రాత చదువుకుని పోతుందనీ చెప్పుకునేవాళ్ళం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరి ఊరి కథ వాళ్ళది. నియమం ఒకటే, సుద్దముక్క ఖర్చు. తెర లేని లఘుచిత్రం అది, ప్రతి ఇంటి తలుపూ దానికి సెట్టే.

ఇలాంటి ఊరుమ్మడి కథల్ని వరసగా చూసే చిత్రంగా మలిచి, చాలామందికి దారి చూపింది ‘మార్బుల్ హార్నెట్స్’. 2009 జూన్‌లో ఎరిక్ నుడ్సెన్ అనే ఆయన ఒక ఫొటోల పోటీలో, ముఖం లేని పొడుగాటి మనిషి బొమ్మ పెట్టి స్లెండర్ మ్యాన్ అని పేరు పెట్టాడు. ఆ నెలలోనే అలబామాలో ట్రాయ్ వాగ్నర్, జోసెఫ్ డిలేజ్ అనే కుర్రాళ్ళు దాని ఆధారంగా యూట్యూబ్‌లో భాగాలు పెట్టడం మొదలుపెట్టారు. ఒకడు సినిమా తీస్తూ మధ్యలో వదిలేస్తాడు, ఆ టేపులు స్నేహితుడికి దొరుకుతాయి, ఒక్కొక్కటే చూసి పెడుతుంటాడు. వేరే ఖాతాలోంచి ఎవరో అర్థంకాని వీడియోలతో బదులిస్తుంటారు. ఆ పొడుగాటివాడు దగ్గరికొస్తే బొమ్మ చిరుగుతుంది, శబ్దం గీరుకుపోతుంది. కెమెరా పాడవడమే వాడి రాకకు గుర్తు. మంచి కెమెరా లేకపోవడాన్ని కథలో భాగం చేసుకున్న తెలివి ఇది.

అయితే ఐదేళ్ళపాటు సాగిన ఆ కథ నడుమ చాలాచోట్ల చతికిలపడింది. కుర్రాళ్ళు పొదల్లోకి వెళ్తారు, పాడుబడ్డ ఇంట్లోకి వెళ్తారు, పరుగెత్తుకొస్తారు. మళ్ళీ వెళ్తారు. భాగం కోసం భాగం.

గది సరే, మనిషేడీ?

కెనడాలో కైల్ ఎడ్వర్డ్ బాల్ జనం చెప్పిన పీడకలల్ని చిన్న చిన్న వీడియోలుగా తీసి యూట్యూబ్‌లో పెట్టేవాడు. చాలామంది కల ఒకటేనని ఆయన గమనించాడు: చిన్నపిల్లగా ఇంట్లో ఉంటాం, అమ్మానాన్న ఉండరు, ఇంట్లో ఏదో ఉంటుంది. తాను పెరిగిన ఇంట్లోనే సుమారు 15 వేల డాలర్లతో ‘స్కినమరింక్’ తీశాడు; 2022లో అది బయటికొచ్చింది. కెమెరా గోడ మూలల్నీ, పైకప్పునీ, కింద పడిన బొమ్మల్నీ చూస్తుంది. పిల్లల కాళ్ళు కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. తలుపులు, కిటికీలు ఒక్కొక్కటే మాయమవుతాయి. మొదటి ఇరవై నిమిషాలు నేను నా నాలుగో ఏటికి వెళ్ళిపోయాను. తర్వాత గోడ గోడలాగే కనబడసాగింది. ఆ పిల్లలు నాకు తెలియదు. వాళ్ళకేమవుతుందోనన్న బెంగ నాలో పుట్టలేదు. సినిమా గంటా నలభై నిమిషాలు. పీడకల అంతసేపు ఉండదు, ఈలోపే మెలకువ వస్తుంది.

ఈ తరహా చిత్రాల జబ్బుకు మూలం నాకు ఇక్కడ దొరికింది. వీటిలో మనిషి కెమెరా పట్టుకోవడానికి ఉంటాడు, కేక వెయ్యడానికి ఉంటాడు. అతనికి అప్పుందా, అమ్మతో మాటల్లేవా, ఎవరిమీద పంతం పట్టాడు, ఏమీ తెలియదు. మూడు నిమిషాల్లో అవసరం లేదు. పదో నిమిషం దాటాక అవసరమే. అక్కడ మనిషి లేని లోటును రెండింటితో పూడుస్తారు. ఒకటి, చప్పుడు. నిశ్శబ్దం, నిశ్శబ్దం, ఉన్నట్టుండి చెవులు చిల్లులుపడే మోత. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకుని చూసేవాణ్ణి ఎగిరిపడేలా చెయ్యడం ఎంతసేపు? బెలూన్ పగిలినా ఉలిక్కిపడతాం. అది ఒళ్ళు చేసే పని, మర్నాటికి మిగలదు. రెండోది, వివరణ. దెయ్యం ఏ ప్రయోగశాలలో పుట్టింది, ఏ కంపెనీ దాచింది, ఏ తేదీన తప్పించుకుంది. చూసేవాళ్ళు అడుగుతారు, తీసేవాళ్ళు చెబుతారు. చెప్పిన కొద్దీ దెయ్యం దస్తావేజుల కట్టలో ఇమిడిపోతుంది.

ఇంకో చిక్కుంది. ‘ఇది నిజంగా దొరికిన టేపు’ అనే నటన ఈ చిత్రాల్లో చాలావాటికి ప్రాణం. 1999లో ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఆ నటనతోనే ప్రపంచాన్ని ఊపింది. కానీ థియేటర్లో టికెట్టు కొని కూర్చున్నవాడికి అది సినిమా అని తెలిసే అవకాశం ఎక్కువ. ఫోన్లో పన్నెండేళ్ళ పిల్లకు తెలియకపోవచ్చు. 2014లో విస్కాన్సిన్‌లో ఆ వయసు పిల్లలిద్దరు, స్లెండర్ మ్యాన్‌ను మెప్పించాలని తోటి పిల్లను అడవిలోకి తీసుకెళ్ళి కత్తితో పొడిచారు. ఆ పిల్ల ఎలాగో బతికి బయటపడింది. కథ రాసినవాళ్ళను ఈ నేరానికి దోషుల్ని చెయ్యలేం. నటనకు ఒక అంచు ఉండాలన్న సంగతి మాత్రం అది గుర్తుచేస్తూనే ఉంటుంది.

మనిషి దొరికిన చోట

దారి లేకపోలేదు. 2020 లాక్‌డౌన్‌లో బ్రిటిష్ దర్శకుడు రాబ్ సావేజ్ ‘హోస్ట్’ తీశాడు. స్నేహితులు జూమ్ కాల్‌లో కలిసి ఆత్మల్ని పిలుస్తారు. దర్శకుడు ఎవరి ఇంటికీ వెళ్ళలేదు. నటులే తమ ఇళ్ళలో లైట్లు పెట్టుకున్నారు, కెమెరా సర్దుకున్నారు. గంటలోపు అయిపోతుంది. భయం మొదలయ్యేలోపే వాళ్ళలో ఎవరికి ఎవరిమీద కినుకో, ఎవరు ఆటపట్టిస్తారో మనకు తెలిసిపోతుంది. అందుకే ఒక చిన్న కిటికీలో లైటు ఆరితే గుండె జారుతుంది.

ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కు చెందిన ఫిలిప్పూ సోదరులు డానీ, మైకేల్ ‘రాకారాకా’ పేరుతో యూట్యూబ్‌లో రక్తపాతం, కోతిచేష్టలు కలిపి వీడియోలు తీసేవాళ్ళు. వాళ్ళ తొలి సినిమా ‘టాక్ టు మీ’లో ఒక చెయ్యి బొమ్మ ఉంటుంది. దాన్ని పట్టుకుంటే ఆత్మ పూనుతుంది, తొంభై సెకన్లు దాటకూడదు. స్విచ్చిలాగే తేలికైన నియమం. దానికి వాళ్ళు తల్లి పోయిన పిల్లను జోడించారు. ఆపెయ్యమని పక్కవాళ్ళు అరుస్తుంటే, ఆ పిల్ల ఎందుకు ఆపనివ్వలేదో మనకు తెలుసు. నియమం దాటింది దెయ్యం కాదు, దిగులు.

పెద్ద ‘లైట్స్ అవుట్’కూ మనిషి కావాల్సి వచ్చింది. మూడు నిమిషాల్లో పేరైనా లేని ఆవిడ స్థానంలో ఒక కుటుంబాన్ని, మానసిక అనారోగ్యంతో ఉన్న తల్లిని తెచ్చారు. ఆ జబ్బునూ దెయ్యాన్నీ ముడిపెట్టి చివర్లో తెంచిన తీరు మీద విమర్శలొచ్చాయి. మనిషిని తెచ్చి కథకు తగిలించినంత మాత్రాన సరిపోదన్నమాట.

మన దగ్గర యూట్యూబ్‌లో వచ్చే భయం లఘుచిత్రాల్లో తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడు ఇంకా తరగలేదు. వీడియో తెరవకముందే థంబ్‌నెయిల్ మీద దెయ్యం ముఖం పెట్టేస్తారు. 1992లోనే ‘రాత్రి’లో రామ్‌గోపాల్ వర్మ కెమెరానే దెయ్యంలా నడిపి, ఏమీ చూపించకుండా ఎంత భయపెట్టవచ్చో మనవాళ్ళకు చూపించాడు. ఆ పాఠానికి ఫోను చాలు.

నన్నడిగితే మనకూ ఒక స్విచ్చి ఉంది. వేసవి రాత్రి కరెంటు పోతుంది. ఇన్వర్టర్ అందుకోవడానికి ఒక్క క్షణం పడుతుంది. ఇల్లంతా నల్లగా అయిపోయే ఆ క్షణంలో తెలుగింట్లో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని పేరు పెట్టి కేకేస్తారు. అమ్మ చిన్నాడిని పిలుస్తుంది. మంచం పట్టిన తాత, ఎప్పుడో పోయిన నాయనమ్మను పిలుస్తాడు. లైటొస్తుంది. అందరూ నవ్వుకుంటారు. మళ్ళీ కరెంటు పోయినప్పుడు, తాత పిలిస్తే ‘ఆఁ’ అని వంటింట్లోంచి బదులొచ్చిందనుకోండి. తియ్యడానికి ఖర్చేమీ లేదు. కాకపోతే తీసే కుర్రాడు ముందు తాత పక్కన కూర్చుని, ఆవిడను ఆయన ఏమని పిలిచేవాడో కనుక్కోవాలి.