మాటులోంచి కనిపించిన శత్రువు

హెమింగ్వే 1940లో ప్రచురించిన ‘ఫర్ హూమ్ ది బెల్ టోల్స్’ నవలకు వస్తువు 1936–39 నాటి స్పెయిన్ అంతర్యుద్ధం. రిపబ్లిక్ పక్షాన వంతెన పేల్చిన జోర్డాన్, కాలు విరిగి, సహచరులు తప్పించుకోవడానికై ఒంటరిగా మాటువేస్తాడు. గురిలోకి వస్తున్నవాడు ఫాసిస్టు సైన్యాధికారి బెర్రెండో. తుపాకి పేలకముందే నవల ముగుస్తుంది.

బెర్రెండోను మనిషిగా చిత్రించడం ఫాసిజంపట్ల మెతకదనమేనని నా మిత్రులు కొందరు వాదిస్తారు. నేను అంగీకరించలేను. కొండమీద చచ్చిన గెరిల్లాల తలలు నరకమని ఆజ్ఞాపించినవాడతడే. ఆ పని చూడటానికి నిలవక, పోరులో మరణించిన తన స్నేహితునికోసం ప్రార్థిస్తూ దిగిపోయినవాడూ అతడే. ఆ దుఃఖం నిజం, ఆ క్రౌర్యమూ నిజం. జోర్డాన్ మాత్రం తాను చంపబోయేవాణ్ణి కళ్ళారా చూస్తున్నాడు. శత్రువును మనిషిగా చూపి కూడా పక్షం మార్చకపోవడమే ఈ ఘట్టంలోని వాస్తవికత.