అయ్యూబ్ నబీ నిజంగా నోరు మెదపలేదా?

ఈ సంచికకు ఒక కథ మీద సమీక్ష రాయమని తెలుగు సార్ చెప్పినప్పుడు మా క్లాసులో అందరూ పాఠ్యపుస్తకంలోని కథలే తీసుకున్నారు. నేను మన ఇళ్లల్లో అందరికీ తెలిసిన కథను తీసుకున్నా. అది అయ్యూబ్ అలైహిస్సలాం కథ. “ప్రవక్త కథను సమీక్ష చేయడమేంది, గునా కదా?” అని నా స్నేహితురాలు భయపడింది. నేను సమీక్షించేది ప్రవక్తను కాదు, అల్లాహ్ వాక్కునూ కాదు. ఆ కథను మనం చెప్పుకునే తీరును మాత్రమే.

మనం విన్న కథ ఇట్లుంటుంది. అయ్యూబ్ (అ) చాలా ధనవంతులు. పొలాలు, పశువులు, నిండా పిల్లలు. అల్లాహ్ ఆయన్ని పరీక్షించాలనుకున్నాడు. పశువులు పోయాయి, పిల్లలు పోయారు, ఒళ్లంతా పుండ్లు పడ్డాయి. పుండ్లల్లో పురుగులు పుట్టాయి. ఒక పురుగు జారి కింద పడితే “నీ తిండి ఇక్కడే కదా ఉంది” అని దాన్ని తీసి మళ్లీ పుండులోనే పెట్టుకున్నారంట. ఊరివాళ్లు ఊరి బయటికి వెళ్లగొట్టారు. ఏడేళ్లని కొందరు, పద్దెనిమిదేళ్లని కొందరు చెప్తారు. అన్నేళ్లూ ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆఖరికి అల్లాహ్ అన్నీ తిరిగి ఇచ్చాడు. కాబట్టి మీరూ కష్టం వస్తే నోరు మెదపొద్దు.

నేను ఈ కథను మదరసాలో విన్నా, పెళ్లిళ్లలో ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నా, ఒక చిన్న పుస్తకంలో చదివినా. అన్నిట్లో ఒక సంగతి గమనించా. చెప్పేవాళ్లు పురుగు దగ్గర చాలాసేపు ఆగుతారు. ఆఖరున జబ్బు ఎట్ల నయమయిందో మాత్రం ఒక్క వాక్యంలో అయిపోతుంది.

ఇది నాకు ఎందుకు పట్టిందంటే మా దాదిమా వల్ల. ఆమె వెన్ను వంగిపోయింది. మెడ తిరగదు, పక్కనుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తుంది. సజ్దా చేయలేదు కాబట్టి కుర్చీలో కూర్చొని సైగతో నమాజ్ చదువుతుంది. ఐదు పూటలూ వదలదు. కుర్చీలోంచి లేచేటప్పుడు “యా అల్లా, ఎంత నొప్పి” అనేది. చిన్నప్పటినుంచి వింటున్నాం కాబట్టి ఆ మాట మాకు గడియారం శబ్దం మాదిరి అలవాటైపోయింది.

ఒకసారి ఇంటికి వచ్చిన దూరపు చుట్టం ఒకామె ఆ మాట విని, “పురుగులు పట్టినా అయ్యూబ్ నబీ ఉఫ్ అనలేదమ్మా, నువ్వు మోకాలి నొప్పికే అల్లా మీద ఫిర్యాదు చేస్తావా?” అనింది. చెడ్డ మనసుతో అనలేదు, ఆమెకు తెలిసిన కథ అది. ఆ రోజునుంచి దాదిమా ఆ మాట అనడం మానేసింది. నొప్పి మాత్రం మానలేదు. పళ్లు బిగపట్టి లేస్తుంది. మందులు అయిపోయినా చెప్పలేదు. రెండు వారాలు మందు లేకుండానే ఉండిందని అమ్మీ ఖాళీ డబ్బా చూసి కనిపెట్టింది. “ఎందుకు చెప్పలేదు?” అంటే “సబర్ చేస్తున్నా” అనింది.

అప్పుడు నేను తెలుగు ఖుర్‌ఆన్ తీసినా. మేం అరబీ చదవడం నేర్చుకుంటాం, ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, బస్సు బోర్డు కన్నడలో చదువుతాం. కానీ అర్థం నాకు తెలుగులోనే బాగా దిగుతుంది. (ఖుర్‌ఆన్‌ను మొదట తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారు మన పక్కనున్న అనంతపురం కాలేజీలోనే పాఠాలు చెప్పినాయన. ఆయన ముస్లిం కాదు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమైంది.)

అయ్యూబ్ (అ) పేరు ఖుర్‌ఆన్‌లో నాలుగు చోట్ల వస్తుంది. రెండు చోట్ల ఇతర ప్రవక్తలతో పాటు పేరు మాత్రమే ఉంటుంది. కథ ఉండేది మిగతా రెండు చోట్ల, అంబియా సూరాలో 83, 84 ఆయత్‌లు, సాద్ సూరాలో 41 నుంచి 44 వరకు. మొత్తం కలిపితే ఆరు ఆయత్‌లే. వాటిల్లో పురుగు లేదు. ఎన్నేళ్లో లేదు. జబ్బు పేరు కూడా లేదు. పద్దెనిమిదేళ్ల మాట ఒక హదీసు ఉల్లేఖనంలో వస్తుందంట. పురుగుల ముచ్చట మాత్రం పాత యూదుల కథల నుంచి తఫ్సీర్లలోకి వచ్చిందని, నమ్మాల్సిన పని లేదని చాలామంది ఆలిమ్‌లు అన్నారని మా హజ్రత్ చెప్పినారు.

మరి ఆ ఆరు ఆయత్‌లు దేనితో మొదలవుతాయి? పిలుపుతో. రెండు చోట్లా కథ ఆయన నోరు తెరవడంతోనే మొదలవుతుంది. అంబియా సూరాలో ఆయన తన ప్రభువును పిలిచి, తనకు బాధ తగిలిందని, దయ చూపేవాళ్లందరిలోకి నువ్వే ఎక్కువ దయగలవాడివని అంటారు. నయం చేయమని కూడా అడగరు, తన పరిస్థితి చెప్పుకుంటారు, అంతే. సాద్ సూరాలో మాటలు ఇంకా గట్టిగా ఉన్నాయి. షైతాన్ తనకు కష్టాన్నీ యాతననూ తగిలించాడని అంటారు. ఇంత చెప్పుకున్న తర్వాత, అదే చోట, అల్లాహ్ ఆయన్ని సహనం గలవాడని, మంచి దాసుడని మెచ్చుకుంటాడు. అంటే చెప్పుకోవడం సబర్‌ను చెడగొట్టలేదు. నేను ఆ పేజీ మూడుసార్లు చదివినా, ఎక్కడన్నా ‘మౌనం’ అనే మాట ఉందేమో అని. లేదు.

యాఖూబ్ (అ) సంగతి కూడా అంతే. కొడుకు యూసుఫ్ (అ) కోసం ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు తెల్లబడిపోయాయని ఖుర్‌ఆనే చెప్తుంది. కొడుకులు విసుక్కుంటే, నా బాధ నేను అల్లాహ్‌కు చెప్పుకుంటున్నా అంటారు. వెంటనే, పోయి యూసుఫ్‌నీ తమ్ముడినీ వెతకండి అని పంపిస్తారు. మన ప్రవక్త (స) కూడా తన చిన్న కొడుకు ఇబ్రాహీం చనిపోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నారు. పక్కనున్నవాళ్లు ఆశ్చర్యపోతే ఇది దయ అన్నారు. అల్లాహ్‌కు నచ్చని మాట మాత్రం అనమన్నారు. బాధ చెప్పుకోవడం వేరు, అల్లాహ్ మీద నిరాశ పడటం వేరు. మనం చెప్పుకునే కథ ఈ రెండిటినీ ఒకటిగా కలిపేసింది.

క్రైస్తవుల బైబిల్లో ఇదే ప్రవక్త పేరుతో యోబు గ్రంథం ఉంది, 42 అధ్యాయాలు. దాంట్లో ఆయన చాలా మాట్లాడతారు, వాదిస్తారు కూడా. ఆయన స్నేహితులు పక్కన కూర్చొని, నువ్వేదో తప్పు చేసుంటావు, అందుకే ఇట్లయింది అని కారణాలు చెప్తారు. ఆఖరున దేవుని కోపం వచ్చేది ఆ స్నేహితుల మీద. మన నమ్మకం మన ఖుర్‌ఆన్ మీదే. అయినా ఆ స్నేహితులు మాత్రం మన ఊళ్లో కూడా ఉన్నారు అనిపించింది.

ఇక మనం ఒక్క వాక్యంలో దాటేసే ఆఖరి భాగం. సాద్ సూరాలో అల్లాహ్ ఆయన్ని కాలితో నేలను తన్నమంటాడు. అక్కడ స్నానానికీ తాగడానికీ చల్లని నీళ్లు వస్తాయి. పావగడ తాలూకాలో పుట్టినవాళ్లు ఈ ఆయత్‌ను ఊరికే దాటి పోలేరు. అయ్యూబ్ (అ) జబ్బు నీళ్లతో పోయింది. మా దాదిమా జబ్బు నీళ్లతో వచ్చింది.

దాని పేరు ఫ్లోరోసిస్. ఇక్కడ వానలు తక్కువ, చెరువులు ఎండిపోతాయి, కాబట్టి బోర్లే దిక్కు. భూమి లోపలి రాతి పొరల్లోంచి ఫ్లోరైడ్ నీళ్లల్లో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఎక్కువైన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దల ఎముకలు బిగుసుకుపోతాయి. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యి ఇంకా చిక్కబడుతుంది. దాదిమా జీవితమంతా మా కోసం నీళ్లు కాచింది. మా క్లాసులో ఫొటో తీసేటప్పుడు నోరు మూసుకుని నవ్వేవాళ్లు ఎంతమందో మాకందరికీ తెలుసు.

ఇది అల్లాహ్ పెట్టిన పరీక్షా, లేక బోరు నీళ్ల సంగతా? నేను చాలా రోజులు ఈ రెండిట్లో ఒకటే నిజం కావాలనుకున్నా. బఖరా సూరాలో 155వ ఆయత్‌లో భయంతో, ఆకలితో, ఆస్తి, ప్రాణాలు, పంటలు తగ్గించి పరీక్షిస్తానని అల్లాహ్ చెప్పి, సహనం గలవాళ్లకు శుభవార్త ఇవ్వమంటాడు. వేరుశనగ ఎండిపోయిన ప్రతి ఏడాదీ అబ్బా ఈ ఆయత్‌నే తలుచుకుంటాడు. విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా దాని బదులు పాపాలు రాలుతాయని హదీసు ఉంది. ఇవి నాకు అబద్ధంగా అనిపించలేదు. కానీ చూడండి, ఈ మాటలు కష్టపడేవాడి చేతికి ఇచ్చిన మందు. పక్కవాడు తన పని తప్పించుకోవడానికి ఇచ్చినవి కాదు. బలద్ సూరాలో ఎక్కడం కష్టమైన దారి ఏదో చెప్పేటప్పుడు ఆకలి రోజున అనాథకూ, మట్టిలో పడున్న పేదవాడికీ అన్నం పెట్టడం అని ఉంది. అక్కడ ఆకలి ఒకరిది, పరీక్ష ఇంకొకరిది.

హజ్రత్ ఉమర్ (రజి) దీన్ని అర్థం చేసుకున్నారనిపిస్తుంది. హిజ్రీ 18లో అరేబియాలో పెద్ద కరువు వచ్చింది. గాలికి బూడిద మాదిరి దుమ్ము లేచేదని దాన్ని బూడిద సంవత్సరం అన్నారు. జనం కడుపు నిండేదాకా తాను నెయ్యి ముట్టనని ఆయన నూనెతోనే తిన్నారు, ఒంటి రంగు కూడా మారిపోయిందంట. షామ్‌కు ఉత్తరాలు రాసి ధాన్యం తెప్పించారు. వాన కోసం దుఆ కూడా చేశారు. ‘మీకు పరీక్ష వచ్చింది, సబర్ చేయండి’ అని మదీనా జనానికి చెప్పి ఇంట్లో కూర్చోలేదు. షామ్‌లో ప్లేగు వచ్చినప్పుడు ఆ ఊరికి పోకుండా వెనక్కి తిరిగారు. అల్లాహ్ రాసిన తక్దీర్ నుంచి పారిపోతున్నారా అని అడిగితే, అల్లాహ్ తక్దీర్ నుంచి అల్లాహ్ తక్దీర్ వైపుకే పోతున్నాం అన్నారు.

మన దగ్గర తుంగభద్ర వెనుక జలాలు తెచ్చే పథకం గురించి నేను పుట్టకముందు నుంచి ఊళ్లో మాట్లాడుకుంటున్నారంట. శుద్ధి చేసిన నీళ్ల ప్లాంట్లు కూడా వచ్చాయి. దాదిమా వయసులో ఉన్నప్పుడే ఆ నీళ్లు వచ్చుంటే? సబర్ అనే మాటను ఆమెకు చెప్పినన్ని సార్లు, నీళ్లు అనే మాటను ఆఫీసుల్లో ఎవరన్నా చెప్పినారా? నేను కోపంగా రాస్తున్నానని తెలుసు. సార్, ఈ వాక్యం కొట్టేయొద్దు.

కథలో నాకు లోటనిపించింది ఇంకొకటి ఉంది, అయ్యూబ్ (అ) భార్య. ఖుర్‌ఆన్‌లో ఆమె పేరు లేదు. జనం కథల్లో బీబీ రహ్మత్ అంటారు. ఇళ్లల్లో పని చేసి భర్తకు తిండి తెచ్చిందని, ఆఖరికి జడ కూడా అమ్ముకుందని చెప్తారు. ఈ సంగతులు ఎంతవరకు నిజమో అల్లాహ్‌కే తెలుసు. కానీ కథ చెప్పేవాళ్లు ఆమెను కూడా సహనానికి ఉదాహరణగా ఎందుకు చెప్పరు? దాదిమాకు జడ వేసేది, స్నానానికి నీళ్లు తోడేది, రాత్రి లేచి కాళ్లు ఒత్తేది అమ్మీ. ఎవరూ వచ్చి అమ్మీకి ఏ నబీ కథా చెప్పలేదు.

ఇదంతా రాసుకున్న తర్వాత ఒక సాయంత్రం అస్ర్ అయ్యాక దాదిమా దగ్గర కూర్చొని ఆ ఆరు ఆయత్‌ల అర్థం తెలుగులో చదివి వినిపించినా. అరబీలో అవి ఆమెకు ఎప్పటినుంచో వచ్చు. ఇప్పుడు కళ్లు మూసుకుని వినింది. కాలితో తన్నితే నీళ్లు వచ్చిన చోట “మళ్లీ చదువు” అనింది. చదివినా.

“పురుగుల కథ అబద్ధం దాదిమా, ఇంక దాన్ని మర్చిపో” అన్నా నేను పెద్దగా.

“అబద్ధమైతే కానీలే బేటీ” అనింది. “నడుము పట్టేసిన మొదట్లో రాత్రుళ్లు నిద్రపట్టేది కాదు. అప్పుడు ఆ పురుగు కథే నాకు తోడుండేది. నాకంటే ఎక్కువ నొప్పి పడినాయన ఒకాయన ఉన్నాడు కదా, అల్లా ఆయన్ని వదల్లేదు కదా అనుకునేదాన్ని. ఆ కథ నాకు నేను చెప్పుకున్నప్పుడు బాగుండేది. ఆమె చెప్పినప్పుడే బాగలేకపోయింది.”

నేను మూడు పేజీల్లో చెప్పలేనిది ఆమె అట్ల చెప్పేసింది. సమీక్షలో ఈ మాట లేకపోతే అన్యాయమని ఇక్కడ రాస్తున్నా. ప్రతి ఒక్కరికీ పనికిరాని కథ అని నేను తీర్పు చెప్పాలనుకున్నా, ఇప్పుడు అట్ల చెప్పలేను. అది ఎవరి నోట్లోంచి ఎవరి చెవిలోకి పోతుందో చూడాలి.

మగ్రిబ్ అజాన్ అయింది. దాదిమా కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవబోయింది. నేను పట్టుకోవడానికి పోయినా. సగం లేచి ఆగి, నా వైపు ఒళ్లంతా తిప్పి చూసింది.

“యా అల్లా, ఎంత నొప్పి” అని, “పాతిక రూపాయల నూనె డబ్బా అయిపోయింది, అబ్బాతో చెప్పు” అనింది.